జ్వరమని వ్రాసి ఇవ్వండి, డాక్టరుగారూ

కొన్నేళ్ల క్రితం అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం సందర్భంగా, తుక్కుగూడ సమీపంలోని ఒక సంస్థవారు నన్ను ఉపన్యాసానికి ఆహ్వానించారు. ఉదయం ఏడున్నరకు సభ. వేదిక మీద పూలగుచ్ఛాలు, నవ్వుతున్న మెదడు బొమ్మతో ఒక ఫ్లెక్సీ, కింద సుమారు నూటయాభై మంది ఉద్యోగులు. పని ఒత్తిడిని జయించే దైనందిన అలవాట్లు నాకిచ్చిన అంశం. నిద్ర ప్రాముఖ్యంతో మొదలుపెట్టాను. పది నిమిషాలు గడిచేసరికి ముందు మూడు వరుసలు తప్ప మిగిలినవారందరి తలలు వాలిపోయాయి. నా ఉపన్యాసం అంత చప్పగా ఉన్నదా అనుకుంటూనే గంటసేపు మాట్లాడాను. ఆ తర్వాత తెలిసింది, వాళ్లంతా రాత్రి డ్యూటీ దిగినవారు. ఆరు గంటలకు ఇంటికి పోవలసిన బస్సులను సభ కోసం ఆపి ఉంచారు. నిద్ర ఎంత అవసరమో చెప్పడానికి నేను నూటయాభై మంది నిద్రను పాడుచేశాను.

ప్రశ్నల సమయంలో వెనుక నుంచి ఒక అమ్మాయి లేచింది. "సారూ, మీరు చెప్పింది మంచిగనే ఉంది. గని ఇవన్నీ ఏ టైముల చెయ్యాలె?" అని అడిగింది. సభలో నవ్వులు వినిపించాయి. నేనూ నవ్వి, "మనసుంటే మార్గముంటుందమ్మా" అన్నాను. చప్పట్లు కొట్టారు. ముప్పై ఏళ్లకు పైగా వైద్యం చేసినవాడు చెప్పవలసిన సమాధానం అది కాదు. ఆలస్యంగానైనా సరైన సమాధానం చెప్పాలన్న ప్రయత్నమే ఈ వ్యాసం. చదివేవారిలో కొందరికి, ముఖ్యంగా పదిమంది చేత పని చేయించే స్థానంలో ఉన్నవారికి, ఇది రుచించకపోవచ్చు.

పనిచేసే చోట మానసిక ఆరోగ్యం గురించి నేడు పత్రికలలో, వాట్సాప్‌లో, సంస్థల గోడల మీద కనిపించే సలహాలను ఒకసారి గుర్తుచేసుకోండి. గాఢంగా శ్వాస తీసుకోండి. ధ్యానం చేయండి. కృతజ్ఞతల డైరీ వ్రాయండి. సానుకూలంగా ఆలోచించండి. వీటిలో ఏదీ తప్పు కాదు. ధ్యానాన్ని నేను తక్కువ చేసి మాట్లాడటం లేదు. మన ప్రాంతంలో చేగూరు దగ్గర కన్హా శాంతివనంలో ప్రపంచంలోనే పెద్ద ధ్యానమందిరాలలో ఒకటి ఉంది. ముచ్చింతల్‌లో 216 అడుగుల రామానుజాచార్యుల విగ్రహం ఉంది. మహేశ్వరంలో శివగంగ కోనేటి మెట్లున్నాయి. మనసుకు నెమ్మది ఇచ్చే చోట్లకు ఇక్కడ కరువు లేదు. కరువల్లా అక్కడ కూర్చునే గంటకే. ఆ గంట ఎవరి చేతిలో ఉన్నదో, వారిని వదిలిపెట్టి, గంట లేనివాడికి గంటను ఎలా గడపాలో బోధించే పద్ధతి మీదనే నా అభ్యంతరం.

ఇది కేవలం నా కోపం కాదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం ఫ్లెమింగ్ బ్రిటన్‌లోని 233 సంస్థలలో 46,336 మంది ఉద్యోగుల సమాచారాన్ని పరిశీలించి 2024లో ఫలితాలు ప్రకటించారు. ఒత్తిడి తట్టుకునే శిక్షణలు, ధ్యాన తరగతులు, నిద్ర యాప్‌లు మొదలైన వ్యక్తిగత కార్యక్రమాలలో పాల్గొన్నవారు, పాల్గొననివారికంటే మెరుగ్గా ఉన్నట్లు కనబడలేదు. ఒక్క సేవాకార్యక్రమాలలో పాల్గొనే అవకాశం మాత్రం కొంత మేలు చేసినట్లు తోచింది. పనిని మార్చకుండా పనివాడిని మార్చబోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద లెక్క నాకు కనబడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో 'బర్నౌట్' అనే పరిస్థితిని తన వర్గీకరణలో నిర్వచించినప్పుడు కూడా దానిని వ్యాధి అనలేదు. పనికి సంబంధించిన పరిణామం అన్నది. అంటే దాని మూలం రోగి పుర్రెలో కాక, రోగి వెళ్లి వచ్చే చోట ఉన్నదని.

మన చోటు ఎటువంటిదో చూడండి. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం తెరుచుకునేదాకా ఈ చుట్టుపక్కల ఊళ్లు చీకటి పడగానే సద్దుమణిగేవి. కూరగాయలు, పూలు పండించి తెల్లవారుజామున నగరానికి తరలించే రైతులు మాత్రం ముందుగా లేచేవారు. నేడు సుమారు ఐదున్నర వేల ఎకరాలలో ఉన్న ఆ విమానాశ్రయం ఇరవైనాలుగు గంటలూ మేల్కొని ఉంటుంది. దాని చుట్టూ సరుకుల గోదాములు, హోటళ్లు, వంటశాలలు, క్యాబ్‌లు, సెక్యూరిటీ ఏజెన్సీలు, మహేశ్వరం, రావిర్యాల వైపు ఎలక్ట్రానిక్స్ పరిశ్రమలు, ఔటర్ రింగు రోడ్డు పొడవునా మరెన్నో. ఉపాధి వచ్చింది, నేను కాదనను. భూములు అమ్ముకున్న కుటుంబాల పిల్లలు ఇక్కడే ఉద్యోగాలలో కుదిరారు. అయితే ఒక తరం లోపలే ఒక ప్రాంతపు నిద్ర మొత్తం మారిపోయింది. దీని గురించి మాట్లాడిన అధికారి గాని నాయకుడు గాని నాకు తారసపడలేదు.

ఆ విమానాశ్రయంలోనే ఒక విచిత్రం ఉంది. విమానం నడిపే పైలట్‌కు విశ్రాంతి చట్టబద్ధం. పౌర విమానయాన నియంత్రణ సంస్థ 2024 జనవరిలో సవరించిన నియమాల ప్రకారం అతనికి వారానికి వరుసగా 48 గంటల విశ్రాంతి, అందులో రెండు రాత్రులు ఉండాలి. రాత్రి వేళ దింపే విమానాల సంఖ్యకు హద్దు ఉంది. అలసిన పైలట్ చేతిలో వందల ప్రాణాలుంటాయి కనుక, అలసటను అతని వ్యక్తిగత బలహీనతగా ఎవరూ చూడరు. దానిని గంటల్లో కొలుస్తారు. ఈ నియమాలను ఒక సంస్థ సకాలంలో పట్టించుకోని ఫలితంగా 2025 డిసెంబరులో దేశమంతటా వేలాది విమానాలు రద్దయి, శంషాబాదులోనూ ప్రయాణికులు పెట్టెల మీద కూర్చుని పడిగాపులు కాశారు. అప్పుడు కూడా పైలట్లకు "గాఢంగా శ్వాస తీసుకుని నడపండి" అని సలహా ఇచ్చినవారు లేరు.

అదే విమానంలోకి సామాన్లు ఎక్కించే లోడరుకు, ప్రయాణికుడిని ఇంటి నుంచి తెచ్చిన క్యాబ్ డ్రైవరుకు, గోదాము గేటు దగ్గర డబుల్ డ్యూటీ చేసే సెక్యూరిటీ గార్డుకు, హోటల్ గదులు సర్దే ఆడపిల్లకు అలసటను ఎవరు కొలుస్తున్నారు? ఆకాశంలో అలసట శాస్త్రవిషయం, నేల మీదికి వచ్చేసరికి సోమరితనం. ఇదెక్కడి న్యాయం?

క్యాబ్ డ్రైవర్ల విషయం కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే ఇందులో మీ ప్రాణం కూడా ఉంది. విలియమ్‌సన్, ఫెయర్ అనే పరిశోధకులు 2000లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 17 నుంచి 19 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి, కొన్ని పరీక్షలలో అంతకంటే కిందికి పడిపోతుంది. మన దేశంలో మద్యం తాగి బండి నడిపినట్లు కేసు పెట్టే హద్దు 0.03 శాతం. ఉదయం ఆరింటికి లేచి, పగలంతా నగరంలో తిరిగి, రాత్రి పదకొండుకు విమానాశ్రయం బేరం ఎత్తుకున్న డ్రైవరు ఆ హద్దు దాటినవాడితో సమానమే. అతని నోటి ముందు పెట్టే యంత్రం లేదు, అంతే. డ్రైవరు రోజుకు 12 గంటలకు మించి లాగిన్‌లో ఉండరాదని, ఆ తర్వాత 10 గంటల విరామం తప్పనిసరి అని కేంద్రం 2020లో యాప్ సంస్థలకు మార్గదర్శకాలిచ్చింది. కాగితం మీద చక్కగా ఉన్నది. ఒక ఫోనులో గంటలు నిండితే మరో యాప్ తెరిచేవారిని నేనెరుగుదును. నా దగ్గరకు వచ్చిన ఒక డ్రైవరు, "ఈ.ఎం.ఐ. పడుకోదు కదా సార్" అన్నాడు. అతను వచ్చింది ఛాతీలో దడకు. ఇ.సి.జి. మామూలుగానే ఉన్నది. మాటిమాటికీ కోపం, భార్య మీద అరవడం, స్టీరింగు ముందు కూర్చోగానే చెమటలు. నేను గుండె బాగుందని ధైర్యం చెప్పి, మాత్రలు వ్రాసి, "టెన్షన్ తీసుకోకండి" అన్నాను. మన వైద్యులందరి నోటా నలిగిన మాట ఇది. టెన్షన్ అతను అంగడికి వెళ్లి కొని తెచ్చుకున్నట్లు!

ఇక్కడ నా వయస్సువారు ఒక ప్రశ్న వేస్తారు. "మా కాలంలో పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా పనిచేయలేదా? ఈ డిప్రెషన్లు అప్పుడెక్కడివి?" పొలం పని కఠినమే. కాని నాట్లకూ కోతలకూ మధ్య తెరిపి ఉండేది. నడుమ చెట్టు కింద సద్దిమూట విప్పుకునే వేళ ఉండేది. చీకటి పడితే పని ఆగేది. పదిమంది కలిసి పాడుకుంటూ కలుపు తీసేవారు. ఇక డిప్రెషన్లు లేవనడం అబద్ధం. ఉండేవి. 'గాలి సోకింది' అని తాయెత్తు కట్టేవాళ్లం. బావిలో పడినవారిని 'కాలు జారింది' అని వ్రాయించేవాళ్లం. కూలివాని జీవితం స్వర్ణయుగం కూడా కాదు. కాబట్టి మా కాలాన్ని సాక్ష్యానికి పిలవకండి. ఆ సాక్షి అంత నమ్మదగినవాడు కాడు.

ఇంకొక వాదం పెద్దల నుంచి వస్తున్నది. 2023 అక్టోబరులో నారాయణమూర్తిగారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టి ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్‌గారి నోట 90 గంటల మాట వెలువడింది. అదే నెల చివర పార్లమెంటు ముందుంచిన ఆర్థిక సర్వే మాత్రం వారానికి 60 గంటలు దాటిన పని ఆరోగ్యానికి హాని చేయవచ్చునని హెచ్చరించింది. రోజుకు 12 గంటలకు పైగా బల్ల ముందు గడిపేవారి మానసిక స్థితి బాగా దెబ్బతింటున్నదని కూడా ప్రస్తావించింది. అంతకు ముందే, 2021లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి ఒక లెక్క ప్రకటించాయి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి, 35 నుంచి 40 గంటలు చేసేవారితో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2016 ఒక్క సంవత్సరంలోనే దీర్ఘ పనిగంటల వల్ల ప్రపంచంలో 7,45,000 మంది మరణించినట్లు అంచనా. కష్టపడి పనిచేస్తే ఎవరూ చావరనే సామెతను ఇక అటక మీద పెట్టవచ్చు.

మన రాష్ట్రం 2025 జూలైలో వాణిజ్య సంస్థలలో రోజుకు పది గంటల పనికి అనుమతినిచ్చింది. వారానికి 48 గంటల హద్దును మాత్రం అలాగే ఉంచింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కాలం నుంచీ వస్తున్న హద్దు అది. కొత్త కార్మిక స్మృతులలోనూ మాయం కాలేదు. దయచేసి ఈ రెండవ సంఖ్యను గుర్తుపెట్టుకోండి. పది గంటల సంగతి మీ సూపర్‌వైజరు మీకు తప్పక చెబుతాడు. నలభై ఎనిమిది సంగతి మీరే అతనికి చెప్పవలసి ఉంటుంది.

సరే, అలవాట్ల సంగతికి వస్తాను. పనిచేస్తూ మనసును కాపాడుకునే అలవాట్లు నిజంగానే ఉన్నాయి. నేను చెప్పదలచినది, వాటిలో ప్రతిదానికీ రెండు చేతులు కావాలని.

మొదటిది, అన్నిటికంటే పెద్దది, నిద్ర. మన మెదడులో ఒక గడియారం ఉంది. అది సూర్యుని వెలుగును చూసి నడుస్తుంది, హెచ్.ఆర్. విభాగాన్ని చూసి కాదు. ఆ గడియారం అణువుల స్థాయిలో ఎలా నడుస్తుందో తేల్చిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమతి ఇచ్చారు. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకున్నవారికి నిద్ర తక్కువ పడుతుంది, లోతూ తక్కువే. మీరు చేయగలిగినవి చెబుతాను. డ్యూటీ రెండవ సగంలో టీ, కాఫీలు మానండి. తాగిన కెఫీనులో సగం నాలుగైదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. తెల్లవారి ఇంటికి వచ్చేటప్పుడు నల్లద్దాలు పెట్టుకోండి. కిటికీకి మందపాటి దుప్పటి కట్టండి. పడుకునే గంట ప్రతిరోజూ ఒకటే ఉండాలి. ఇంట్లోవారు ఆ వేళలో మిక్సీ వేయకూడదు, బంధువులను పంపకూడదు, 'పగటి పూట పడకేమిటి' అని అనకూడదు. పొద్దున వచ్చి వంట చేసి, పిల్లలను బడికి పంపి, పదకొండింటికి నడుం వాల్చి, రెండింటికి లేచే కోడళ్లను ఎందరినో చూశాను. ఆమె చిరాకుకు మందు నా దగ్గర లేదు, ఆ ఇంటి మగవాళ్ల దగ్గర ఉంది.

మిగిలిన సగం డ్యూటీ చార్టు వేసేవాడి చేతిలో ఉంది. షిఫ్టులు మార్చవలసి వస్తే ఉదయం నుంచి మధ్యాహ్నానికి, మధ్యాహ్నం నుంచి రాత్రికి మార్చాలి, వెనక్కి కాదు. మన శరీర గడియారం ఇరవైనాలుగు గంటల కంటే కాస్త నెమ్మదిగా నడుస్తుంది కనుక ముందుకు జరగడం సులభం, వెనక్కి జరగడం కష్టం. రాత్రి పదికి డ్యూటీ దిగినవాణ్ణి మరునాడు ఆరింటికి రమ్మనకూడదు. చార్టు కనీసం పదిహేను రోజుల ముందు గోడ మీద ఉండాలి. ఈ మూడింటికీ రూపాయి ఖర్చు లేదు. ఒక మనిషి శ్రద్ధగా కాగితం ముందు కూర్చోవాలి, అంతే. నన్నడిగితే చాలామందికి అసలైన మందుచీటీ ఆ డ్యూటీ చార్టే. నేను వ్రాసే మాత్రలు దాని తర్వాతనే.

రెండవది అన్నం, నీళ్లు, మూత్రం. మానసిక ఆరోగ్యానికీ మూత్రానికీ ఏమిటి సంబంధం అనకండి. డ్యూటీలో బాత్రూముకు వదలరని, వదిలినా దూరమని, అది శుభ్రంగా ఉండదని ఉదయం నుంచి గుక్కెడు నీళ్లు తాగని ఆడపిల్లలు నా దగ్గరకు మూత్రకోశ వ్యాధులతో వచ్చేవారు. తన శరీరపు అవసరానికి మరొకరి అనుమతి అడగవలసిన స్థితి మనిషిని ఎంత కుంగదీస్తుందో, అడగవలసిన అవసరం ఎన్నడూ రానివారికి తెలియదు. రాబర్ట్ కారసెక్ 1979లో చెప్పిన సూత్రం ఇదే. పని భారం ఒక్కటే మనిషిని కూల్చదు. భారం ఎక్కువై, దాని మీద తనకు ఏ అధికారమూ లేనప్పుడు కూలుతాడు. వస్త్రదుకాణాలలో అమ్మకపు స్త్రీలు కూర్చోవడానికి కూడా చట్టం చేయవలసి వచ్చింది. కేరళ 2018లో, తమిళనాడు 2021లో చేశాయి. కుర్చీ కోసం చట్టం! నవ్వాలో ఏడవాలో తెలియదు గాని, కుర్చీ దక్కినవారికి ఆ తేడా తెలుసు.

మూడవది మాట. డ్యూటీలో ఒక్క మనిషితోనైనా పని ప్రస్తావన లేని నాలుగు మాటలు రోజూ మాట్లాడండి. టిఫిన్ డబ్బా ఒంటరిగా విప్పకండి. ఫోనులో తల దూర్చి తినడం తిండీ కాదు, విశ్రాంతీ కాదు. పక్కవాడు పది రోజులుగా మాట్లాడటం తగ్గించాడని మొదట గమనించేది డాక్టరు కాదు, డబ్బా పంచుకునేవాడే. సాఫ్టువేరు ఉద్యోగులకు నేను వేరే మాట చెబుతాను. ఇంటికి వచ్చాక ఆఫీసు గ్రూపుల శబ్దం ఆపివేయండి. ఫ్రాన్సులో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 నుంచి పనివేళల తర్వాత పిలుపులకు దూరంగా ఉండే హక్కు చట్టంలో ఉంది. మనకు ఆ చట్టం లేదు. రాత్రి పదకొండుకు మెసేజి పెట్టి, వెంటనే నీలిరంగు గుర్తులు పడలేదని అలిగే మేనేజర్లు మాత్రం ఉన్నారు. ఈ వ్యాసం చదువుతున్నవారిలోనే ఉండవచ్చు. అయ్యా, మీ మెసేజిని ఉదయం తొమ్మిదికి వెళ్లేలా పెట్టే సదుపాయం మీ ఫోనులోనే ఉంది.

ఈ అలవాట్లన్నీ పాటించినా జబ్బు రావచ్చు. వస్తే ఏమి జరుగుతుందో చెబుతాను. ఈ వ్యాసానికి పేరు పెట్టినది అదే.

రెండు వారాలు దాటి దేని మీదా ఆసక్తి లేకపోవడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం, ఆకలి చచ్చిపోవడం, తాను ఎందుకూ పనికిరానన్న తలపు, అన్నిటినీ మించి చావు గురించిన ఆలోచన: ఇవి అలసట కావు, డిప్రెషన్ లక్షణాలు. చికిత్స ఉంది, నయమవుతుంది. అటువంటి రోగికి నేను పది రోజుల సెలవు అవసరమని సర్టిఫికెట్టు వ్రాయబోతే, చేతులు పట్టుకుని, "జ్వరమని వ్రాసి ఇవ్వండి డాక్టరుగారూ" అన్నవారు ఒకరిద్దరు కారు. నేను వ్రాశాను. వైరల్ జ్వరమని, టైఫాయిడ్ అని, నడుం నొప్పి అని. అబద్ధపు సర్టిఫికెట్టు ఇవ్వడం వృత్తిధర్మానికి విరుద్ధమని తెలిసే వ్రాశాను. నిజం వ్రాస్తే అతని ఉద్యోగం పోతుందని, లేదా పోకపోయినా 'ఎర్రగడ్డ కేసు' అని పేరు పడుతుందని భయపడ్డాను. హైదరాబాదు చుట్టుపక్కల పెరిగినవారికి ఆ ఊరి పేరు ఎంత క్రూరమైన పరిహాసమో చెప్పనవసరం లేదు. నగరంలోని ప్రభుత్వ మానసిక వైద్యాలయం అక్కడ ఉన్నందుకు ఒక ఊరి పేరునే తిట్టుగా మార్చుకున్న జాతి మనది. నిత్యం వేలమంది కోలుకుని ఇంటికి వెళ్లే ఆసుపత్రులను తిట్టుగా వాడుతూ, 'మానసిక సమస్యలుంటే దాచుకోకండి' అని ఫ్లెక్సీలు కట్టడం ఎవరిని నమ్మించడానికి?

నేను వ్రాసిన ప్రతి దొంగ జ్వరమూ ఆ రోగికి ఆ పది రోజులు మేలు చేసింది, ఆ తర్వాత వచ్చినవారందరికీ కీడు చేసింది. రికార్డులలో డిప్రెషన్ లేదు గనుక ఆ సంస్థలో డిప్రెషన్ లేదు. సమస్య లేదు గనుక చార్టు మార్చనవసరం లేదు. జాతీయ మానసిక ఆరోగ్య సర్వేను నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాలలో నిర్వహించింది. పెద్దవారిలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నదని, వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదని తేల్చింది. ఆ 12 రాష్ట్రాలలో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. మన లెక్క ఎవరూ తీయలేదు. ఉన్న కొద్దిపాటి లెక్కను నావంటి డాక్టర్లు జ్వరం కింద వ్రాసిపెట్టారు.

కనుక నా తర్వాతి వైద్యులకు మనవి: రోగి కోరితే వ్యాధి పేరు లేకుండా 'విశ్రాంతి అవసరం' అని వ్రాయండి, లేని వ్యాధిని మాత్రం వ్రాయకండి. ఉద్యోగులకు: మీకు తెలియని హక్కులు కొన్ని ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం బీమా సంస్థ మానసిక వ్యాధిని శారీరక వ్యాధితో సమానంగా చూడాలి. ఇ.ఎస్.ఐ. ఉన్నవారికి, అర్హత మేరకు, జబ్బుపడితే సంవత్సరానికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. దీర్ఘకాలం సాయమందే వ్యాధుల జాబితాలో తీవ్ర మానసిక వ్యాధులు కూడా ఉన్నాయి. మీరు కాంట్రాక్టరు కింద పనిచేస్తున్నా సరే, మీ జీతంలో ఇ.ఎస్.ఐ. కోత పడుతున్నదేమో, మీ నంబరు ఏమిటో ఈ నెలలోనే అడిగి తెలుసుకోండి. కోత పడుతూ నంబరు తెలియనివారిని నేను చూశాను. చావు ఆలోచన వస్తే గాని, మరొకరిలో కనిపిస్తే గాని, 14416కు ఫోను చేయండి. టెలి-మానస్ అనే ప్రభుత్వ సేవ అది, 2022 అక్టోబరు నుంచి నడుస్తున్నది. డబ్బు తీసుకోరు, ఏ వేళలోనైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. నైట్ డ్యూటీలో తెల్లవారుజామున మూడింటికి కూడా.

యజమానులకు నేను ఉపన్యాసం ఇవ్వను. వారికి చాలామంది ఇస్తున్నారు. ఒకటే అడుగుతాను. మీ దగ్గర గత సంవత్సరం ఎందరికి జ్వరం వచ్చిందో రిజిస్టరు తెరిచి చూడండి. అందులో ఎన్ని జ్వరాలు ఒకే సూపర్‌వైజరు కింద, ఒకే షిఫ్టులో వచ్చాయో పక్కన వ్రాసుకోండి. జ్వరం అలా షిఫ్టును చూసి రాదు.

ఆ తుక్కుగూడ సంస్థవారు ఈ ఏడు కూడా ఫోను చేశారు. వస్తాను గాని మూడు షరతులన్నాను. సభ డ్యూటీ గంటలలోనే జరగాలి, ఆ గంటకు జీతం కట్టాలి. రాత్రి డ్యూటీ దిగినవారిని ఒక్కరిని కూడా ఆపకూడదు. ముందు వరుసలో డ్యూటీ చార్టు వేసేవారు కూర్చోవాలి, తమ చార్టులు వెంట తెచ్చుకుని. అవతలి వ్యక్తి కాసేపు మౌనంగా ఉండి, "మేనేజ్‌మెంటుతో మాట్లాడి చెబుతాను సార్" అన్నాడు. ఇంకా చెప్పలేదు.